ఎడమకాలికి పని లేని బండి

ఆ కారు ప్రకటన నా కంట పడింది మంగళవారం. మేం దాన్ని చూడటానికి వెళ్ళింది శనివారం. మధ్యలో ఆ నాలుగు రోజులూ నేను మనిషిలా లేను. నా పని కట్టుడు పళ్ళు చెయ్యడం. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, మా ఇంటి వెనక గదిలో కూర్చుని మైనంలో పళ్ళు పేర్చి, పై దవడా కింది దవడా కలిపి చూసి సెట్టు తయారుచేస్తాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని, కళ్ళు మూసుకుని చెయ్యగలను. అలాంటిదాన్ని బుధవారంనాడు ఒక పెద్దాయన పై దవడకి కింది పళ్ళు పేర్చేసి, ఇదేమిటి ఈయన ఇలా ఇకిలిస్తున్నాడు అనుకుంటూ ఐదు నిమిషాలు దానికేసి చూస్తూ కూర్చున్నాను.

ఐదేళ్ళు వాడిన ఎలక్ట్రిక్ కారు. చిన్నదే గానీ ఇంటిల్లిపాదీ పట్టేది, వెనక డిక్కీ తలుపు అద్దంతో సహా పైకి లేచే రకం. బూడిద కలిసిన నీలం రంగు. నన్ను పిచ్చిదాన్ని చేసింది అవేవీ కాదు. అందులో క్లచ్ లేదు.

మూడో ఏట వచ్చిన జ్వరం నా ఎడమకాల్ని సగం చేసి వదిలిపెట్టింది. స్టీలు పట్టీలున్న బూటు తొడుక్కుంటే నడుస్తాను, మెట్లెక్కుతాను, కోపమొస్తే నేలకేసి కొడతాను కూడా. క్లచ్ తొక్కడం మాత్రం నా వల్ల కాదు. పోయిన ఏడాది ఒక డ్రైవింగ్ స్కూల్లో గేర్లు లేని బండి కొన్నారని తెలిసి, వెళ్ళి చేరి, మూడు నెలలు నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకున్నాను. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఫొటో బాగా వచ్చిందన్నాడు. అంతే. అది పర్సులోకి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు, ఎందుకంటే నడపడానికి నాకు బండి లేదు.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఏ బండికీ గీత కూడా పెట్టలేదు. మంచివాడు. అదే వచ్చింది చిక్కు. చెడ్డవాడితో పోట్లాడొచ్చు, మంచివాడితో ఏం పోట్లాడతాం? ఎక్కడికి వెళ్ళాలన్నా "నేనున్నాగా, నీకెందుకా తిప్పలు" అంటాడు. అన్నట్టే డ్యూటీ దిగి, స్కూటర్ తీసి, నన్నూ నా పళ్ళ పెట్టెల్నీ ఎక్కించుకుని క్లినిక్కుల చుట్టూ తిప్పుతాడు. ఎప్పుడు తిప్పుతాడంటే ఆయన ఖాళీగా ఉన్నప్పుడు. ఆయన డ్యూటీ వారానికోలా మారుతుంది. ఆయన ఖాళీని బట్టి రోగులు నోళ్ళు తెరవరు కదా.

వంతెన అవతల పెద్ద పళ్ళ ఆసుపత్రి ఉంది. సోమవారం, గురువారం వచ్చి మనుషుల్ని మీరే చూసుకోండి అని వాళ్ళు ఆరు నెలలుగా అడుగుతున్నారు. అచ్చు చూసి చేసిన పన్ను వేరు, మనిషి నవ్వు చూసి చేసిన పన్ను వేరు. ఆ పని కోసం నా ప్రాణం కొట్టుకుపోతోంది. ఈ నెలాఖరు దాకా చూస్తాం, తర్వాత వేరే మనిషిని పెట్టుకుంటాం అని కూడా చెప్పేశారు.

కాబట్టి అసలు సంగతి కారు కొనడం కాదు. ఆ కారు నేను నడపడం. ఆ ముక్క మా ఇంట్లో ఎవరూ అనలేదు, నేను కూడా అనలేదు. ఇంటికో కారుంటే బాగుంటుంది, పెట్రోలు గోల ఉండదు, అత్తయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొచ్చు అంటూ ఊరంతా తిప్పి చెప్పాను. మా ఆయన వెంటనే సరేనన్నాడు, నడిపేది ఎలాగూ తనే కదా అని. నా నోరు చిన్నదేం కాదు, వీధిలో ఎవరినడిగినా చెబుతారు. కానీ ఈ ఒక్క మాట దగ్గర నాలుక మడతపడేది. నువ్వు నడపలేవు అని ఆయన నోటివెంట వస్తే తట్టుకోలేనని భయం.

శనివారం పొద్దున మేమిద్దరం బయల్దేరుతుంటే అత్తయ్య కూడా చెప్పులేసుకుంది. ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు, మోకాళ్ళు పట్టేశాయి. నువ్వెందుకమ్మా అని మా ఆయన అంటే, వెనక సీట్లో కూర్చోవాల్సింది నేను, మోకాళ్ళకి చోటుందో లేదో చూసేది మీరా అంది. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఉందని మా ఆయన అప్పటికే యూనిఫాం వేసుకున్నాడు. ముగ్గురం ఆటో ఎక్కాం. దారంతా నా కుడికాలు నేల మీద నిలవలేదు. ఏమిటా ఊపడం అని అత్తయ్య నా తొడ మీద ఒక్కటి వేసింది.

కారు అమ్మేది ఒక రిటైరైన బోటనీ లెక్చరరు. ఇంటి ముందంతా కుండీలు, మెట్ల మీద కుండీలు, కిటికీ గట్ల మీద ఖాళీ సీసాల్లో వేళ్ళు తొడుగుతున్న కొమ్మలు. కారు డిక్కీ తెరిస్తే తడి మట్టి వాసన. ఆవిడ మొదటే చెప్పేసింది, పన్నెండింటికి ఇంకొకళ్ళు వస్తున్నారని, అంతకుముందు ఇద్దర్ని వెనక్కి పంపేశానని. చెల్లెలితో ఉండటానికి నాలుగో అంతస్తు ఫ్లాటుకి మారుతోందట, అక్కడ చార్జింగు పెట్టుకునే చోటు లేదట. లేకపోతే అమ్మేదాన్నే కాదు అంటూ కారు పైన చెయ్యి వేసింది. సంబంధం చూడటానికి వచ్చింది మేమా, ఆవిడా అన్న అనుమానం నాకు అక్కడే మొదలైంది.

మా ఆయన తన పద్ధతిలో మొదలుపెట్టాడు. టైర్లని వేళ్ళ కణుపులతో కొట్టి చప్పుడు విన్నాడు. వంగి కింద చూశాడు. బోనెట్ ఎత్తించి లోపలికి తొంగిచూశాడు. లోపల నల్లటి మూత, దాని కింద ఒక పెట్టె, నారింజ రంగు లావుపాటి వైర్లు. ఇంజిన్ ఆయిల్ చూసే పుల్ల కోసం ఆయన చెయ్యి నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి ఊరికే వచ్చేసింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఇంజిన్ పక్కనే కూర్చున్న మనిషి, పాపం, చుట్టాలింటికి వెళ్ళి తాళం చూసినట్టు నిలబడ్డాడు.

నేను నా పద్ధతిలో చూశాను. నాకు తెలిసింది రంగులు. తెలుపులో పదహారు రకాల తెలుపు చూసి పన్ను ఎంచుకోవడం నా పని. ఎండ పడేలా పక్కకి జరిగి చూస్తే, ముందు తలుపు వెనక తలుపు కంటే అర ఛాయ ముదురుగా ఉంది. ఈ తలుపుకి మళ్ళీ రంగు వేయించారా అని అడిగాను. ఆవిడ నా మొహంలోకి చూసింది. గేటుకి రాసుకుంది, మూడేళ్ళయింది, ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు అని ఒప్పుకుంది. ఆ తర్వాత ఏం చెప్పినా నాకేసి తిరిగే చెప్పింది. బ్యాటరీ పరీక్షించి సర్వీసువాళ్ళిచ్చిన కాగితం చేతిలో పెట్టింది, కొత్తలో ఉన్న శక్తిలో వందకి ఎనభై తొమ్మిది వంతులు ఇంకా ఉందట. ఒకసారి నింపితే రెండొందల ముప్ఫై కిలోమీటర్లు నమ్మకంగా వెళ్తుంది, ఏసీ వేస్తే ఇంకో పాతిక తగ్గించుకోండి అంది. ఆసుపత్రికి వెళ్ళిరావడం నలభై రెండు. వారంలో ఆ రెండు రోజులూ తిరిగినా ఇంకా మిగులుతుంది. నా గుండె గంతులేసింది.

అత్తయ్య వెనక సీట్లో కూర్చుని, కాళ్ళు చాపి, ముడిచి, మళ్ళీ చాపి, పాసయింది అని ప్రకటించింది.

ఇక నడిపి చూడటం. లెక్చరరుగారు తాళం చేతిలో పట్టుకుని, ఎవరు అన్నట్టు చూసింది. చెప్పాల్సింది అప్పుడే. నేను నోరు తెరిచేలోగా మా ఆయన చెయ్యి చాపాడు. ఇంకెవరు అన్నట్టు చాపాడు. నా కాళ్ళు వాటంతటవే పక్క సీటు వైపు నడిచాయి. పెళ్ళయినప్పటినుంచీ ఇరవై రెండేళ్ళ అలవాటు కదా, దానికి నా అనుమతి అక్కర్లేదు. పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుని, నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను. లెక్చరరుగారు వెనక అత్తయ్య పక్కన కూర్చుంది.

బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. స్టార్ట్ కాలేదన్నాడు. అయిందండీ, అలాగే ఉంటుంది అంది ఆవిడ. నమ్మకం లేకుండానే కాలు ఆనించాడు, కారు నీళ్ళ మీద జారినట్టు గేటు దాటింది. రోడ్డెక్కాం. ఆయన మొహం విప్పారింది, బాగుందే అన్నాడు. అప్పుడు వేగం పెరిగింది.

వేగం పెరిగితే గేరు మార్చాలి. గేరు మార్చాలంటే ఎడమకాలు క్లచ్ తొక్కాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా రోజుకి వెయ్యిసార్లు అదే పని చేసిన కాలది, యజమానిని అడిగే అలవాటు దానికి లేదు. బస్సు క్లచ్ తొక్కినంత బలంగా తొక్కింది. అక్కడున్నది బ్రేకు.

కారు నిలువునా ఆగింది. నేను బెల్టులో వేలాడాను. వెనక అత్తయ్య ముందు సీటుకి నుదురు కొట్టుకుంది. ఏమైంది అంటే, ఏం లేదు, కొత్త బండి కదా అన్నాడు మా ఆయన. వంద గజాలు వెళ్ళామో లేదో మళ్ళీ అదే. ఈసారి ఆయన చెయ్యి కూడా గేరు రాడ్డు కోసం వెతికి, అది లేక నా మోకాలు పట్టుకుంది. ఈ వయసులో నడిరోడ్డు మీద ఈ సరసం ఏమిట్రా అంది వెనకనుంచి అత్తయ్య. మూడోసారి ఆగినప్పుడు మా వెనక వస్తున్న పాల వ్యాను అంగుళం దూరంలో కీచుమంటూ ఆగింది. దాని డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, మా ఆయన యూనిఫాం చూసి, తిట్టబోయిన తిట్టు మింగేసి, తల అడ్డంగా ఊపుతూ పక్కనుంచి వెళ్ళిపోయాడు. తిడితేనే నయంగా ఉండేది.

ఈ పెడల్ సరిగ్గా పెట్టలేదు, ఇంత వెడల్పు ఎందుకు అన్నాడు మా ఆయన, చెవులు ఎర్రబడిపోయి.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అంది అత్తయ్య. "నా నోట్లో పళ్ళు ఇంకా ఉన్నాయంటే నీ పెళ్ళాం కట్టిన పళ్ళు కాబట్టి ఉన్నాయి. లేకపోతే ఈపాటికి నీ వీపుకి గుచ్చుకునేవి."

లెక్చరరుగారు నవ్వలేదు. కారు పక్కకి తీసి ఆపమంది. ఆగాక, గొంతు పెంచకుండా చెప్పింది.

"ఏమీ అనుకోకండి. మీకు అమ్మడం నాకిష్టం లేదు. మీరు మంచి డ్రైవరే, కాదనను. కానీ ఆ వ్యాను స్థానంలో లారీ ఉంటే? వెనక కూర్చున్న ఈ పెద్దావిడ ఏమవుతారు? పన్నెండింటికి వచ్చేవాళ్ళని చూస్తాను."

కారు మొత్తం నిశ్శబ్దం. ఇంజిన్ ఉన్న బండి అయితే కనీసం దాని చప్పుడైనా ఉండేది. నా కళ్ళముందు నుంచి ఆసుపత్రి, సోమవారం, గురువారం, అన్నీ ఒక్కొక్కటే దిగి వెళ్ళిపోతున్నాయి. మా ఆయన స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయన్ని చూస్తే జాలేసింది, దానికి రెట్టింపు కోపమొచ్చింది. ఆయన మీద కాదు. నాలుగు రోజులుగా నోట్లో మాట నోట్లోనే నానబెట్టుకున్న నా మీద.

"ఈ బండి నడిపేది ఈయన కాదండీ" అన్నాను. "నేను."

మా ఆయన నాకేసి తిరిగాడు. ఆయన చూపు ఒక్క క్షణం కిందికి, నా బూటు మీదికి వెళ్ళి వచ్చింది. చెడ్డ చూపు కాదది. అయినా మంట పుట్టింది.

"ఏం చూస్తున్నారు? మీ ఎడమకాలికి అన్నీ వచ్చు, అందుకే ఇక్కడ ఆగిపోయాం. నా కాలికి ఏమీ రాదు. ఈ బండికి అలాంటి కాలే కావాలి. దిగండి."

ఇంతమందిలో, ఈ రోడ్డు మీద, మొదటిసారే అని ఆయన ఏదో అనబోయాడు. అత్తయ్య వెనకనుంచి ఆయన భుజం మీద తట్టింది. దిగరా, నీది చూశాం, దానిదీ చూద్దాం అంది. లెక్చరరుగారు లైసెన్సు అడిగింది. పర్సులోంచి తీసి ఇచ్చాను. రెండు వైపులా చదివింది, వెనక్కిచ్చేసి బెల్టు గట్టిగా బిగించుకుంది.

ఆయనా నేనూ చోట్లు మారాక, సీటు ముందుకి జరుపుకున్నాను. అద్దాలు సరిచేసుకున్నాను. ఎడమకాల్ని రెండు చేతులా ఎత్తి పక్కకి పెట్టి, ఇక్కడ నీకు పని లేదు, హాయిగా కూర్చో అని మనసులోనే చెప్పాను. ఇండికేటరు వెయ్యబోయి వైపర్లు వేశాను. పొడి అద్దం మీద అవి బర్రుమని గీరాయి. వైపర్లు ఆపి, ఇండికేటరు వేసి, వెనక చూసి, కుడికాలు ఆనించాను.

అబ్బ. ఏం చెప్పను. నా బతుకంతా ఒంటరిగా బరువు మోసింది నా కుడికాలు. దానికి తొక్కడం తెలుసు, ఆపుకోవడం తెలుసు, ఎంత బరువు ఎక్కడ వెయ్యాలో వేలి కొసల దాకా తెలుసు. ఆనిస్తే కారు కదిలింది. ఎత్తితే అదే మెల్లగా నెమ్మదించింది, ఎవరో వెనకనుంచి కొంగు పట్టుకున్నట్టు. బ్రేకు అవసరమే రాలేదు. స్కూలు దాటాం. నాలుగు రోడ్ల కూడలిలో వృత్తం చుట్టూ తిరిగాం, నా వంతు వచ్చేదాకా ఆగాను, వచ్చాక ఆగలేదు. నవ్వొస్తోంది, పళ్ళు బిగబట్టుకున్నాను. ఒళ్ళంతా జివ్వుమంటోంది. గట్టిగా అరవాలనిపించింది గానీ లెక్చరరుగారు ఉందని ఊరుకున్నాను.

అద్దం చూశావా అన్నాడు మా ఆయన. చూశానన్నాను. ఎప్పుడు అన్నాడు. మీరు అడక్కముందు అన్నాను.

వంతెన ఎక్కేచోట ట్రాఫిక్ ఆగింది. ఏటవాలులో సరిగ్గా మధ్యలో మేము. ముందు ఇసుక లారీ, వెనక మోటారు సైకిళ్ళు. ఇలాంటి చోటే నేర్చుకునేవాళ్ళ బళ్ళు వెనక్కి జారేది. ఓరగా చూస్తే మా ఆయన రెండు పాదాలూ నేలని తొక్కిపెట్టి ఉన్నాయి, చెయ్యి హ్యాండ్ బ్రేకు కోసం గాలిలో ఉంది. లారీ కదిలింది. నేను కాలు ఆనించాను. కారు వెంట్రుకవాసి కూడా వెనక్కి పోకుండా, ఏటవాలు ఉందని తెలియనట్టే పైకి వెళ్ళింది. మా ఆయన పాదాలు మెల్లగా నేల వదిలాయి. సీటుకి వెనక్కి ఆనుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో నా పక్కన ఆయన అలా ఆనుకుని కూర్చోవడం అదే మొదలు.

వంతెన దిగి వెనక్కి తిరిగి, ఆవిడ ఇంటి గేటులోకి తీసుకెళ్ళి, రెండు పెద్ద కుండీల మధ్య ఆపాను. అత్తయ్యే ముందు మాట్లాడింది, అప్పుడే వచ్చేశామా, ఇంకో రౌండు వెయ్యకూడదూ అని.

లెక్చరరుగారు మేం దిగకముందే ఫోను తీసింది. పన్నెండింటి వాళ్ళకి చెప్పింది, బండి వెళ్ళిపోయిందండీ, క్షమించండి అని. విన్నప్పుడు నా చెవుల్ని నేను నమ్మలేదు. స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చేశాను. సిగ్గేం పడలేదు. మా ఆయన నా వీపు మీద చెయ్యి వేసి, ఇంత బాగా నడుపుతావని నాతో ఎందుకనలేదు అన్నాడు. లైసెన్సు చూపించాగా అన్నాను ముక్కు చీదుకుంటూ. ఆయన కాసేపు ఆలోచించి, నేను ఫొటోయే చూశాను అన్నాడు. తప్పు ఒప్పుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు, ఒప్పుకోవడానికి టైము పడుతుంది అంతే.

కాగితాల మీద సంతకాలు కుండీల మధ్య బల్ల మీదే అయ్యాయి. చార్జింగు వైరు చుట్ట చుట్టి డిక్కీలో పెట్టిస్తూ లెక్చరరుగారు నాకు మాత్రమే జాగ్రత్తలు చెప్పింది. రోజూ నిండా నింపకండి, ఎనభై దాకా చాలు, దూరం వెళ్ళే ముందురోజు మాత్రం నింపుకోండి అని. మా ఆయన పక్కన నిలబడి బుద్ధిగా విన్నాడు.

డ్యూటీ టైము దగ్గరపడింది. డిపో దగ్గర దింపుతానన్నాను. అలా అనడం నాకే కొత్తగా ఉంది, రెండుసార్లు అన్నాను. డిపో గేటు ముందు ఆపేసరికి, అక్కడ టీ తాగుతున్న నలుగురు డ్రైవర్లు, ఇద్దరు కండక్టర్లు గ్లాసులు పట్టుకునే కారు చుట్టూ చేరారు. మా ఆయన పక్క సీట్లోంచి దిగడం చూసి, ఏమిటన్నా, రిటైరయ్యావా అన్నాడొకడు. ఆయన వాణ్ణి దాటుకుని నా కిటికీ దగ్గరికి వచ్చాడు. ఆ మార్కెట్ రోడ్డులోంచి వద్దు, చుట్టూ తిరిగి పో, బస్సుల వెనక దగ్గరగా వెళ్ళకు, మావాళ్ళు చూడకుండా ఆపేస్తారు అని చెప్పాడు. అన్నిటికీ అలాగే అన్నాను.

అంతలో వెనక తలుపు తెరుచుకుంది. అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని దిగుతోంది.

"మీరెందుకు దిగుతున్నారు అత్తయ్యా? ఇంటికేగా."

"నేను వీడి బస్సులో పోతా, మనింటి ముందే ఆగుతుందిగా. నేను ఎక్కి కూర్చుంటే నన్ను దింపడానికి నువ్వు తిన్నగా ఇంటికి పోతావు. ఇంటికి పోవడానికా ఇది కొన్నది? నీకు ఎక్కడికి పోవాలనుంటే అక్కడికి పో."

తలుపు గట్టిగా వేసేసింది. కారులో నేనొక్కదాన్నే మిగిలాను. పక్క సీటు ఖాళీ, వెనక సీటు ఖాళీ. నలభై నాలుగేళ్ళలో ఎవరూ పక్కన లేకుండా, ఎవరి వెనకా కూర్చోకుండా, ఒక్క బండి కూడా నేను ఎక్కలేదు. స్టీరింగు పట్టుకున్నాను. ఎటు వెళ్ళాలో తెలుసు. సోమవారం వస్తున్నానని ఆసుపత్రిలో ఈరోజే, నా నోటితో నేనే వెళ్ళి చెప్పాలి. అయినా కాలు కదల్లేదు.

అద్దంలో చూస్తే మా ఆయన కారు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. తోటివాళ్ళని చేతులతో పక్కకి జరిపాడు. రోడ్డు మీద అటూ ఇటూ చూసి, వస్తున్న ఒక ఆటోని చెయ్యెత్తి ఆపాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా వెనకనుంచి ఎవరో చెబితే బండి కదిపిన మనిషి, వంగి కారు వీపు మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు.

"రైట్, రైట్" అన్నాడు.

నేను కదిలించాను.